రిస్పా, రెడ్డమ్మ తల్లి

సినిమాకు పోతే పాపమని చెప్పే బోధకుడే ప్రసంగం మధ్యలో సినిమా కథ ఎత్తుకుంటాడు. కడప, కర్నూలు వైపు కూడికల్లో ఇదో పాత తమాషా. ‘మీరు చూసుండరు గానీ...’ అని ఆయన మొదలుపెడితే, చాపల మీద కూర్చున్నవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. సువార్తకూ సినిమాకూ మన దగ్గర చుట్టరికం ఉండనే ఉంది. విజయచందర్ ఏసుగా వేసిన ‘కరుణామయుడు’ (1978) ప్రొజెక్టర్ల మీద పల్లెలు తిరిగింది.

నేను చెప్పబోయేది భక్తి సినిమాల సంగతి కాదు, ఫ్యాక్షన్ సినిమాలది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వచ్చాక బయటివాళ్లకు రాయలసీమంటే సుమోలూ వేటకొడవళ్లే. ఆ చిత్రణ మీద సీమవాళ్లకున్న కోపం న్యాయమైనదే. అయినా త్రివిక్రమ్ తీసిన ‘అరవింద సమేత వీర రాఘవ’ (2018) దగ్గర కాస్త ఆగాలి. పేకాటలో ఐదు రూపాయల దగ్గర పుట్టిన పగ అందులో తరాలు తింటుంది. అందులో ఫ్యాక్షన్ నాయకుడు బసిరెడ్డి గొంతు మీది గాటు అందరికీ కనిపిస్తుంది, మాటలో వినిపిస్తుంది కూడా. కానీ బోధకుడికి పనికొచ్చేది ఆ గాటు కాదు. రాజీకి ఒప్పుకున్న కొడుకును కన్నతండ్రి బసిరెడ్డే చంపిన ఇంట్లో ఆ తల్లి ఏమైందన్నది అసలు ప్రశ్న. పెంచల్ దాస్ రాసిన ‘రెడ్డమ్మ తల్లి’ పాటలోని శోకం వింటే సగం జవాబు దొరుకుతుంది.

మిగతా సగం సమూయేలు రెండో గ్రంథం 21వ అధ్యాయంలో ఉంది. దావీదు కాలంలో మూడేళ్లు వరసగా కరువు. సౌలు మీద గిబియోనీయులకున్న పాత పగ తీరితేగాని కరువు తీరదని అతని సంతతిలో ఏడుగురిని వాళ్లకు అప్పగించారు, వాళ్లు కొండ మీద ఉరితీశారు. ఆ ఏడుగురిలో ఇద్దరు రిస్పా కొడుకులు. ఆమె బండ మీద గోనెపట్ట పరుచుకుని, యవల కోత మొదలైనప్పటి నుంచి వాన కురిసేదాకా కూర్చుంది. పగలు పక్షులను వాలనివ్వలేదు, రాత్రి మృగాలను దగ్గరికి రానివ్వలేదు. బైబిలు ఆమె నోట ఒక్క మాటా పలికించలేదు. కరువూ, పగా, నోరు మెదపని తల్లీ... జమ్మలమడుగు వైపు ఆడవాళ్లకు ఈ కథను విడమరిచి చెప్పాలా? రాజీ కాగితాల మీద వేలిముద్రలు వేసేది మగవాళ్లే. ఆడవాళ్ల గాయం ఏ కాగితంలోకీ ఎక్కదు.

అలాంటప్పుడు తిన్నగా బైబిలే తెరవచ్చు కదా, మధ్యలో సినిమా ఎందుకంటారా? ఊళ్లో చచ్చినవాడి పేరెత్తితే పాత కేసు కదులుతుంది. తెరమీది మనిషి పేరెత్తితే ఎవరికీ ఇబ్బంది లేదు. నాతాను ప్రవక్త పద్ధతీ ఇదే. దావీదు మీద నేరుగా నేరం మోపకుండా, పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, రాజు నోటే తీర్పు చెప్పించి, ఆ మనిషివి నువ్వేనని అప్పుడు తేల్చాడు. ఇక్కడే మన బోధకులు చాలామంది తప్పటడుగు వేస్తారు. నాతాను వేలెత్తి చూపింది దోషిని. గాయపడినామె ముందు కథ చెప్పి ఊరుకోవాలి. అక్కడికక్కడే మైకు చేతికిచ్చి సాక్ష్యం చెప్పమనడం, క్షమించేశానని నలుగురిలో అనిపించడం మొరటుతనం.

క్షమాపణ పాఠం మగవాళ్లకు చెప్పాలి. ఆదికాండంలో లెమెకు తన పగ డెబ్బది యేడంతలని భార్యల ముందు గొప్పలు పోతాడు. అచ్చం మన సినిమా డైలాగే! ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగినప్పుడు ఏసు చెప్పిన లెక్క లెమెకు లెక్కను తిరగేస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెబితే తొడగొట్టే సీను చూసి ఈలలు వేసిన కుర్రాళ్లు కూడా చెవి ఒగ్గుతారు.

ఆడవాళ్ల దగ్గర మాత్రం ప్రసంగం సగం పనే చేస్తుంది. మిషన్ రోజుల్లో బైబిలు స్త్రీలు ఇంటింటికీ వెళ్లేవాళ్లు. కూడికలో రెడ్డమ్మ కథ చెప్పిన మర్నాడు, సంఘంలో పెద్దావిడ ఒకరు అలాగే గాయపడినామె ఇంటికి పోయి, చెనిక్కాయలు ఒలుస్తూ రెండు గంటలు కూర్చోవాలి. అవతలామె మాట్లాడితే వినాలి. మాట్లాడకపోతే కాయలు ఒలిచి రావాలి, వారం తర్వాత మళ్లీ పోవాలి.