భయానికి కట్టిన బాణీ

భయానక చిత్రాల ట్రైలర్లను విమర్శకు తగిన వస్తువుగా మనలో చాలామంది అంగీకరించరు. అవి సరుకు అమ్మే ప్రకటనలు, వాటికి విమర్శ దేనికని వారి వాదన. ప్రకటనలన్నది నిజమే. అయితే మన కథలూ కవితలూ చేరని ఇళ్ళకు కూడా చేరే ఈ రెండున్నర నిమిషాల శిల్పం ఎవరి భయాన్ని ఎవరికి అమ్ముతున్నదో అడగకపోవడం బాధ్యత తప్పించుకోవడమే అనుకుంటాను.

జోర్డాన్ పీల్ తీసిన 'అస్' 2019లో వచ్చిన అమెరికన్ చిత్రం. దాని ట్రైలర్ 2018 డిసెంబరులో విడుదలైంది. మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు చెబితే చూశాను. ఒకసారి మామూలుగా చూశాను. ఒకసారి శబ్దం తీసేసి చూశాను. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాను. శబ్దం లేనప్పుడు మిగిలినవి ఎర్రబట్టలు, కత్తెరలు, పరుగులు. కళ్ళు మూసుకున్నప్పుడే భయం వేసింది.

అందులో వాడిన పాట 'ఐ గాట్ ఫైవ్ ఆన్ ఇట్'. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కు చెందిన లూనిజ్ అనే నల్లజాతి ర్యాప్ జంట 1995లో పాడింది. గంజాయి కొనడానికి తలా ఐదు డాలర్లు వేసుకునే కుర్రాళ్ళ పాట అది. ఆదర్శమేమీ లేదు, ఉన్న కాస్తా కలిపి పంచుకోవడం మాత్రం ఉంది. ట్రైలర్ మొదట్లో ఒక మధ్యతరగతి నల్లజాతి కుటుంబం సెలవులకు పోతూ కారులో ఈ పాట వింటుంది. తల్లి కొడుక్కి చిటికెలతో తాళం చెబుతుంది. ఆ రాత్రి వాళ్ళ ఇంటిముందు అచ్చం వాళ్ళలాంటి నలుగురే నిలబడతారు. అప్పుడు ఆ పాటే తిరిగి వస్తుంది. నడక మందగించింది, మాటలు తెగిపోయాయి, తంత్రీవాద్యాలు కోస్తున్నాయి.

కూర్పరి నేర్పు ఇక్కడుంది. తెలియని చప్పుడు ఉలికిపాటు పుట్టిస్తుంది. తెలిసిన ధ్వని పరాయిదైతే భయం పుడుతుంది. మా విద్యార్థి ఆ పాట అంతకుముందు వినలేదు. అయినా భయపడ్డాడు. ట్రైలర్ ఒక్క నిమిషంలోనే ఆ పాటను అతనికి చుట్టాన్ని చేసి, ఆ చుట్టాన్నే శత్రువుగా నిలబెట్టింది.

భరతుడు భయానక రసానికి విభావాలు చెబుతూ వికృత ధ్వనులను, నక్కల గుడ్లగూబల అరుపులను, శూన్యగృహాలను, అరణ్యాలను పేర్కొన్నాడు. స్వజనుల వధనూ బంధనాన్నీ చూడడం కూడా ఆ జాబితాలో ఉంది. నేటి ట్రైలర్లలో ఎక్కువ భాగం మొదటిదానితోనే ఆగిపోతాయి. 2010లో 'ది సోషల్ నెట్‌వర్క్' ట్రైలర్‌లో 'క్రీప్' పాటను బెల్జియం బాలికల బృందగానంగా వాడారు. అది భయానక చిత్రం కాదు, అక్కడ ఆ ఎంపికకు అర్థముంది. తర్వాత పాత పాటను సాగదీయడం, నిశ్శబ్దం పెట్టడం, వెంటనే పెద్ద మోత మోగించడం ఒక అచ్చు అయిపోయింది. వస్తువుతో సంబంధంలేని శిల్పం ఇది. మోతకు అదిరేది ఒళ్ళే, రసం పుట్టదు.

'అస్' ఎంపిక అలాంటిది కాదు. ఆ చిత్రంలో భూగర్భంలో బంధితులై, పైవాళ్ళ బతుకులకు నీడలుగా బతికిన జనం పైకి వస్తారు. సెలవులకు పోయే కారులో కాలక్షేపంగా మారిన వీధి కుర్రాళ్ళ పాట, తన వాటా అడగడానికి వచ్చినట్టు వినిపిస్తుంది. స్వజన బంధనమనే విభావం ఇక్కడ ధ్వనిలోనే ఉంది. ప్రేక్షకులు ట్రైలర్ బాణీని ఎంతగా మెచ్చారంటే, దాన్ని చిత్రంలోకే తీసుకున్నారు. సంగీత దర్శకుడు మైకేల్ ఏబెల్స్ పతాక సన్నివేశంలోని పోరాటాన్ని కూడా ఆ పాట ఛాయలోనే నడిపాడు.

అయినా ఒక ఆక్షేపణ మిగిలే ఉంది. వచ్చినవాళ్ళను చూసి భయపడమని ట్రైలర్ చెబుతుంది. వాళ్ళను బంధించిందెవరో చెప్పదు. ఆ ప్రశ్నకు టిక్కెట్టు కొనాలి. భయాన్ని ముందుగా పంచి, కారణాన్ని వెలకట్టి అమ్మడం మార్కెట్ స్వభావం. అయితే బొమ్మ దాచిన కారణాన్ని బాణీ సగమైనా బయటపెట్టింది. మళ్ళీ తరగతిలో ఆ పిల్లవాణ్ణి అడిగాను, ఎవర్ని చూసి భయపడ్డావని. కాసేపు ఆలోచించి, "వాళ్ళు కూడా ఆ ఇంటివాళ్ళే కదా సార్" అన్నాడు. విమర్శ అక్కడ మొదలవుతుంది.