అదృశ్య బాలికలు

2025 దసరా సెలవులకు పులివెందులలో చదువుకునే మా మనవరాలు ప్రొద్దుటూరు వచ్చింది. చంకలో లావుపాటి బొమ్మల పుస్తకం. 1961లో స్టాన్ లీ, జాక్ కిర్బీ మొదలుపెట్టిన 'ఫెంటాస్టిక్ ఫోర్' కామిక్స్ తొలి సంచికలన్నీ కలిపి వేసిన సంపుటం అది. ఆ జులైలో వచ్చిన సినిమా చూసి పట్టుబట్టి కొనిపించుకుందట. సాయంత్రం అమ్మవారిశాలకు బయల్దేరబోతుంటే అడిగింది: "అవ్వా, నలుగురని రాసినారు. బొమ్మలో ముగ్గురే ఉండారు. ఈయమ్మ యాడికి పాయ?"

"ఆయమ్మ శక్తే అది గదా, కనపడకుండా పోవడం" అన్నాను. అన్నాక నాకే కలుక్కుమంది.

ఆ రాత్రి పుస్తకం నేను తీసుకుని చదివాను. జట్టులో ఒకడి ఒళ్ళు రబ్బరులా సాగుతుంది. ఒకడు నిప్పై ఎగురుతాడు. ఒకడు కొండరాయంత బలవంతుడు. ఉన్న ఒక్క ఆడమనిషి స్యూ స్టార్మ్‌కి వచ్చిన శక్తి మాయమైపోవడం. పేరు కూడా 'ఇన్విజిబుల్ గర్ల్', అదృశ్య బాలిక. స్త్రీ కాదు, బాలిక. ఈమె వల్ల జట్టుకు ఏం ఉపయోగం, తీసేయండి అని పాఠకులు ఉత్తరాలు రాస్తే, 1963 నాటి 11వ సంచికలో రచయితలు కథానాయకుల చేతే జవాబు చెప్పించారు. అబ్రహాం లింకన్‌కి తల్లి ఎలాగో తమకు స్యూ అలాగట! ఆమె ఏం చేసిందో చూపించే కథ రాయడం మానేసి, చేసే మగవాళ్ళకు ప్రేరణ అని సర్దిచెప్పారు. ఈ సమర్థన మనకు కొత్తదా? "ప్రతి విజేత వెనుక ఒక స్త్రీ" అని సన్మాన సభల్లో ఎన్నిసార్లు వినలేదు!

అంతకు ఇరవై ఏళ్ళ ముందు సంగతి ఇంకా విచిత్రం. 1940లో 'ఆల్ స్టార్ కామిక్స్' మూడో సంచికతో 'జస్టిస్ సొసైటీ' అనే తొలి సూపర్‌హీరోల జట్టు ఏర్పడింది. 1942లో వండర్ ఉమన్‌ని అందులో చేర్చుకున్నారు. ఏ హోదాలో? సెక్రటరీగా! తుపాకీ గుళ్ళను చేతి కడియాలతో అడ్డుకోగల మనిషి చేతికి మినిట్స్ పుస్తకం ఇచ్చారు. యూనివర్సిటీ కమిటీల్లో "మేడమ్, మినిట్స్ మీరు రాసేయండి" అనిపించుకున్న మనందరికీ ఆ కుర్చీ తెలుసు.

మరి ప్రతినాయకుడి సంగతి? 1962లో అయిదో సంచికలో డాక్టర్ డూమ్ వస్తాడు. వస్తూనే స్యూని బందీగా పట్టుకుని, ఆమెను అడ్డం పెట్టుకుని మిగిలిన ముగ్గురినీ నిధి తెమ్మని గతకాలానికి పంపుతాడు. వాడికి ఇనప ముసుగు ఉంది, కోట ఉంది, ఏలుకోవడానికి దేశం ఉంది. 1964లో వాడి బాల్యం కూడా రాశారు. మంత్రగత్తె అయిన తల్లి పోయింది, వైద్యుడైన తండ్రి పాలకుడికి భయపడి పారిపోతూ చలికి చచ్చిపోయాడు, పిల్లవాడు పగబట్టాడు. ప్రతినాయకుడికి దుఃఖం, చరిత్ర, కోరిక అన్నీ దక్కాయి. తల్లి దక్కించుకున్నది మాత్రం చావు. ఆమె కథ కొడుకు పగకు కారణంగా మిగిలింది.

మన కథలు వేరుగా ఉన్నాయా? 'పాతాళభైరవి' (1951) తీసిన, 1947లో చక్రపాణితో కలిసి 'చందమామ' పెట్టిన బి. నాగిరెడ్డి మా కడప జిల్లా పొట్టిపాడు వారే. ఆ సినిమాలో ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు ఈనాటికీ మన కళ్ళముందున్నాడు. రాకుమారి మాత్రం గెలుచుకోవలసిన వస్తువు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ కోసం నెలంతా ఎదురుచూసిన తరం నాది. 'మాయా సరోవరం'లో జయశీలుడు, సిద్ధసాధకుడు జట్టుగా వెతుకుతూ పోతారు. వెతకబడేవాళ్ళలో ఒకరు రాజుగారి కూతురు కాంచనమాల. చదివేటప్పుడు నేను జయశీలుణ్ణే అనుకున్నాను. కాంచనమాలను అనుకోవాలని ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, బొమ్మల్లో నన్ను నేనే మాయం చేసుకున్నానన్నమాట.

'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) లాంటి సినిమాలు వచ్చాక సీమ అంటేనే ప్రతినాయకుల చిరునామా అయిపోయింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అని చెప్తే బయటివాళ్ళు "బాంబులా?" అని నవ్వుతూ అడిగేవాళ్ళు. ఆ సినిమాలూ జట్టు కథలే. రెండు వైపులా జీపుల నిండా మగవాళ్ళు. హీరోకీ విలన్‌కీ తేడా సంగీతంలోనే తెలుస్తుంది. జమ్మలమడుగు దగ్గర పల్లెలో మా పెద్దమ్మకు ఇరవై ఆరేళ్ళప్పుడు పెద్దనాయనను చంపారు. ఎవరు నరికారు, ఎవరు సాక్ష్యం తిరగేశారు, అన్నీ మా మగవాళ్ళు కథలుగా చెప్పుకునేవారు. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఎనుములు మేపి, శనక్కాయలు వొలిచి, ఇద్దరు పిల్లల్ని "పగ వద్దురా" అంటూ పెంచిన మనిషి ఆ కథల్లో ఎక్కడా లేదు. పగ ఆపడానికీ శక్తి కావాలి. దాన్ని బొమ్మ గీసినవాళ్ళు లేరు.

సరే, స్త్రీకి నిజంగానే శక్తి ఇస్తే? 1980లో 'ఎక్స్-మెన్'లో జీన్ గ్రేకి అపారమైన శక్తి వచ్చింది. ఆమె దాన్ని తట్టుకోలేక దుష్టురాలై ఒక లోకాన్నే నాశనం చేసినట్టు రాశారు. శిక్ష పడాల్సిందేనని సంపాదకుడు పట్టుబట్టగా ఆమె చంద్రుడి మీద ఆత్మార్పణ చేసుకుంది. మరుసటి ఏడాది ఒక జలాంతర్గామిని మనుషులతో సహా ముంచేసిన మాగ్నెటోని 1985లో బళ్ళో పెద్దయ్యవారిని చేశారు! తప్పుచేసిన మగవాడికి గతం ఉంటుంది, మారే అవకాశం ఉంటుంది. ఆమెకు చావు ఉంటుంది. స్యూ కూడా 1985లో 'మాలిస్' అనే దుష్టపాత్రగా కొన్నాళ్ళు మారి, బయటపడ్డాకే తన పేరును 'ఇన్విజిబుల్ ఉమన్'గా మార్చుకుంది. బాలిక స్త్రీ కావడానికి ఇరవై నాలుగేళ్ళు పట్టింది. దానికి ప్రతినాయకత్వం గుండా నడవాల్సి వచ్చింది.

2025 సినిమాలో గెలాక్టస్‌ని వెనక్కి నెట్టేది స్యూయే. మా పిల్ల చప్పట్లు కొట్టిందట. నాకూ కొట్టాలనే ఉంది. కానీ ఆ బలమంతా బిడ్డను కాపాడుకునే తల్లి బలంగానే చూపించారు. లింకన్ తల్లి ఇంకా పోలేదు.

అమ్మవారిశాలలో ఆ రాత్రి అలంకారం చూస్తూ ఇదే అనుకున్నాను. దేవతల జట్టంతా మహిషుడి ముందు ఓడిపోయి, తమ తేజస్సులన్నీ కలిపి ఒక స్త్రీని నిలబెట్టింది. శూలం ఒకరిది, చక్రం ఒకరిది. అన్నీ ఇచ్చినవే. యుద్ధం మాత్రం ఆమె చేసింది. తొమ్మిది రోజులు మొక్కి, పదో రోజు ఇంటికొచ్చి "అన్నం పెట్టు" అనే ఊరు మాది. అయినా ఆ బొమ్మలో ఆమె మాయమవదు. నట్టనడుమ ఉంటుంది. మన రచయిత్రులు అక్కణ్ణించి మొదలుపెట్టవచ్చుననిపిస్తుంది. అయితే ఈసారి అరువు ఆయుధాలు లేకుండా, దేవతను చేయకుండా, మా పెద్దమ్మలాంటి మనిషితో.

తిరిగొస్తుంటే ఆటోలో పెద్దమ్మ సంగతి మనవరాలికి చెప్పాను. అంతా విని, "ఆయమ్మ పేరేంది అవ్వా?" అంది.

మేమంతా ఆమెను పెద్దమ్మ అన్నాం, ఊరు ఫలానావాడి పెండ్లాం అంది. కాసేపు తడుముకుని పేరు చెప్పాను. పిల్ల రెండుసార్లు పైకి అనుకుంది, మరిచిపోకుండా.