చుక్క జాడ పట్టే పనివాడు

అమెరికాలో 1930ల నుంచి జనం ఇష్టంగా తయారుచేసుకుంటున్న టియర్‌డ్రాప్ ట్రెయిలర్‌కి, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే నీటిచుక్క ఆకారపు చిన్న బండికి, వంటగది వెనకవైపు ఉంటుంది. ఏటవాలు తలుపు పైకెత్తితే స్టవ్వూ గిన్నెలూ. వాన నీళ్లు దూరేదీ తరచుగా అక్కడే.

ఆ లీకు ఆపే పనివాడంటే నాకు ఎంతో గౌరవం. తడి కనిపించింది కదా అని అక్కడ సిలికాన్ పూసెయ్యడు. నీరు ఒకచోట దూరి, ప్లైవుడ్ అంచు పట్టుకుని జారి, మరోచోట బయటపడుతుందని అతనికి తెలుసు. అందుకే లోపల ఒకరిని టార్చిలైటుతో కూర్చోబెట్టి, గొట్టంతో కింది నుంచి కొంచెం కొంచెంగా పైకి తడుపుతూ వస్తాడు. పైనుంచి మొదలెడితే అంతా తడిసి ఆచూకీ దొరకదు. రబ్బరు అంచు మీద కాగితం ముక్క పెట్టి, తలుపు మూసి లాగుతాడు. సులువుగా జారి వచ్చిందా, అక్కడ సందున్నట్టే.

అసలు ఓపికంతా ఆ తలుపు కీలు దగ్గర. మరలు విప్పి, పాత సిలికాన్‌ని ఆనవాలు లేకుండా గీకేస్తాడు. దాని మీద కొత్తది సరిగా అంటుకోదు. నీరు దూరకుండా ఆపే మెత్తటి బ్యూటైల్ టేపు పరిచి, ఒక్కో మరనూ కొద్దికొద్దిగా బిగిస్తాడు, టేపు అంచుల వెంట సమానంగా ఉబికి వచ్చేదాకా. ఇదంతా చెక్క పూర్తిగా ఆరాకే. తడిని లోపల పెట్టి మూస్తే కుళ్లు ఖాయం. తొందరపెట్టే యజమానికి ఆ మాట నచ్చజెప్పి ఆగమనే పనివాణ్ని నేను మరీ మెచ్చుకుంటాను.