సెల్లులో షుగరు పాఠం: ఈ ‘మీరు’ ఎవరు?

కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి ‘ఎం-డయాబెటిస్’ అనే పథకం మొదలుపెట్టింది. ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే చాలు, షుగరు గురించి సెల్లుకి మెసేజీలు వచ్చేవి. ఆ తర్వాత వాట్సప్ సలహాలు, వీడియోలు. నేను సాహిత్య విమర్శ చదువుకున్నవాణ్ణి కనుక వీటినీ రచనలుగానే చదివాను. ఏ రచననైనా మనం అడిగే మొదటి ప్రశ్నే వీటినీ అడుగుతాను: ఇది ఎవరితో మాట్లాడుతోంది?

అన్నిటి సారం ఒకటే. రోజూ అరగంట నడవండి, అన్నం తగ్గించి జొన్నలు తినండి, చెప్పుల్లేకుండా తిరగకండి. వైద్యం రీత్యా ఇందులో తప్పు లేదు. తప్పంతా ఆ ‘మీరు’లో ఉంది. కుర్చీలో కూర్చుని పనిచేసేవాడు, ఏం తినాలో ఎంచుకోగలిగేవాడు, చదవగలిగేవాడు - వాడే ఆ ‘మీరు’. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు 59 శాతమే. మిగతావాళ్లకి మెసేజీ అంటే సెల్లు చప్పుడే.

మా అమ్మకి షుగరు. నల్లగొండ జిల్లాలో నాట్లకు పోతది. మెసేజీలు నేనే చదివి వినిపించాను. నడక మాటకి నవ్వింది. జొన్నల మాటకి నవ్వలేదు. “గట్క తింటె మోటోళ్లని నవ్విండ్రు గద బిడ్డా, గిప్పుడు గదే మందైందా?” అంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా వాడలో గట్క వెనక్కి పోయింది. ఆ బియ్యాన్ని నేను తక్కువ చెయ్యను, అది తినే యూనివర్సిటీ దాకా వచ్చాను. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితం. 2013 ఆహార భద్రతా చట్టంలో ముతక ధాన్యం కిలో రూపాయికని రాసుంది. మా కంట్రోల్ దుకాణంలో మాత్రం జొన్న గింజ కనబడదు. జొన్నలు సెల్లులో దొరుకుతాయి.

చెప్పుల మాట ఇంకా పెద్దది. షుగరు ఏళ్ల తరబడి ఎక్కువుంటే నరాలు దెబ్బతిని పాదం మొద్దుబారుతుంది. ముల్లు దిగినా తెలియదు. పుండు ముదిరితే కాలే తీసెయ్యాల్సి రావచ్చు. ఊరందరికీ చెప్పులు కుట్టి, దొర వాకిలి ముందు తమ చెప్పులు చేతబట్టుకుని నడిచిన కులం మాది. ఇవాళ ఆ కులం ఆడమనిషికి సెల్లు చెబుతోంది, చెప్పులేసుకో అని! “బురదల చెప్పులేసుకొని నాటేస్తరా ఎవరన్న?” అంది అమ్మ. దీనికి జవాబు రాదు. మెసేజీ మాట్లాడుతుంది, వినదు. పాదాలు మొద్దుబారిన కుష్ఠు రోగులకి మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు ప్రభుత్వమే ఇస్తుంది కదా. మరి షుగరుతో మొద్దుబారిన పాదాలకి సలహా ఒక్కటే ఎందుకు?

పాదం మొద్దుబారిందో లేదో చూడటానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుని అరికాలికి ఆనించి, తెలుస్తోందా అని అడుగుతారు. అందుకు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ఆ పాదాన్ని చేత్తో పట్టుకోవాలి. ఎనిమిదేళ్లుగా మాత్రలు మింగుతున్న మా అమ్మ పాదాన్ని ఒక్క డాక్టరూ పట్టుకోలేదు. దూరం నుంచి మాట్లాడించుకోవడం మా వాడకి కొత్త కాదు, మిత్రులారా.

పోయిన నెల ఆ పోగు నేనే తీసుకుపోయాను. కళ్లు మూసుకొమ్మని కుడి అరికాలి మీద నాలుగు చోట్ల ఆనించాను. రెండు చోట్ల చెప్పింది. మూడోచోట ఆనించి ఉంచాను.

“ఇంక పెట్టవా బిడ్డా?” అంది.