డీజిలు యంత్రము: పాఠములో లేని సందు

రుడాల్ఫ్ డీజిలు 1893లో ప్రకటించిన జర్మను గ్రంథము ఉష్ణయంత్రముల చరిత్రలో ఎన్నదగినది. అయినను అందులో ఆయన ఊహించిన యంత్రము యథాతథముగా ఎన్నడును నడవలేదు. 250 వాతావరణముల పీడనము, ఉష్ణోగ్రత మారని దహనము కాగితముమీద కార్నో చక్రమునకు దగ్గరివే. కాని అంతగా గాలిని నొక్కుటకే శక్తి వ్యయమై, ఘర్షణ పోగా మిగులునది స్వల్పము. పీడనమును బాగుగా తగ్గించుకొన్న తరువాతనే, 1897లో ఆగ్స్‌బర్గులో ప్రొఫెసరు ష్రోటరు పరీక్షించిన యంత్రము ఇంధనశక్తిలో 26 శాతమునకు పైగా పనిగా మార్చినది. డీజిలు తన లెక్కను దిద్దుకొనెను. మన పాఠముల లెక్క మాత్రము ఆదర్శయంత్రము దగ్గరనే ఆగిపోయినది.

లెక్క తెలిసినదే. 300 కెల్విను వద్దనున్న గాలిని 20వ వంతుకు నొక్కిన ఉష్ణోగ్రత 3.3 రెట్లై, సుమారు 990 కెల్వినులకు చేరును. విద్యార్థికి మార్కులు వచ్చును. నొక్కబడిన గాలిలో కొంత పిస్టను పక్కనుండి జారిపోయినచో ఏమగునని ఎవరును అడుగరు. పాత కారు యజమానికి అక్కరకు వచ్చు ప్రశ్న అదొక్కటే.

నూజివీడు ప్రాంతమును చూడుడు. 2014లో తయారీ నిలిచిన అంబాసిడరు వంటి పాత డీజిలు కార్లకు తోటల మధ్యనున్న ఎఱ్ఱమట్టి దారులు గొప్ప పరీక్ష. ఆ ధూళిలోని ఇసుకరేణువు సిలిండరు ఇనుముకంటె గట్టిది. ఎయిర్ ఫిల్టరు చిరిగినను, దాని వెనుక గొట్టపు క్లిప్పు వదులైనను ఆ రేణువులు లోనికి పోయి, ఆయిలుతో కలిసి రింగులను సానపట్టును.

చిక్కేమనగా, ఈ అరుగుదలను వేసవి దాచిపెట్టును. జనవరి ఉదయమున 17 డిగ్రీలున్న గాలి మేలో 42 డిగ్రీలుండును. ఈ 25 డిగ్రీల తేడా పైలెక్క ప్రకారము నొక్కిన తరువాత 80 డిగ్రీలు దాటును. గోడలకు పోవు వేడి వలన నిజయంత్రములో అంకెలు తగ్గును గాని మొగ్గు మారదు. కనుక రింగులు పలుచబడిన ఇంజను మేలో ఒక్క సెల్ఫుకే అందుకొనును. యజమాని నిశ్చింతగా ఉండును. చిన్నరసాలు, బంగినపల్లి కోతకు వచ్చి, బండి క్షణము నిలువరాని రోజులవి. ఇంజను దించి బోరు చేయించు ఖర్చు అప్పుడే మీద పడినచో కాయ చెట్టుననే పండును. పరీక్ష జనవరిలో జరుగవలెను. హీటరు ప్లగ్గులు సరిగా వెలుగుచున్నవో లేదో ముందు చూడవలెను. లేనిచో వాటి తప్పు రింగులమీద పడును.

జనములోనున్న తీర్పులు కూడ విమర్శకు ఆగవు. ఆయిలు నల్లబడినది కనుక ఇంజను పోయినదనుట తప్పు. డీజిలు మసి వలన క్రొత్త ఇంజనులోనైనను అది త్వరగా నల్లబడును. నల్లపొగకు ఇంజెక్టరో, మూసుకొనిన ఫిల్టరో కారణము కావచ్చును. నీలిపొగ ఆయిలు కాలుచున్నదని చెప్పును గాని, అది రింగుల దారిని వచ్చినదో వాల్వుల దారిని వచ్చినదో చెప్పదు. అదియు తరచు ఆలస్యముగా కనబడును. అంతకుముందే తెలుపగలది డిప్‌స్టిక్కు: ఎన్ని కిలోమీటర్లకు ఎంత ఆయిలు పోయవలసివచ్చినదో వ్రాసిపెట్టుకొన్న చిన్న పుస్తకము షెడ్డులోని ఊహలకంటె నమ్మదగినది. ఇంజను నడుచుచుండగా ఆయిలు మూత తీసిన ఆవిరి గట్టిగా తన్నుచున్నదా అనునది రెండవ గుర్తు. సిలిండరు సిలిండరుకు కంప్రెషను గేజు చూపు తేడా మూడవది. పెట్రోలు ఇంజనుకు చెప్పు ‘చెంచాడు ఆయిలు పోసి మరల కొలుచు’ ఉపాయమును డీజిలుకు అంటగట్టరాదు. దాని దహనగది చాల చిన్నది. పోసిన ఆయిలే చోటు ఆక్రమించి గేజును మోసగించును.

1940లలోనే అమెరికా రైలుసంస్థలు డీజిలు ఇంజనుల ఆయిలును వర్ణపట పరీక్షకు పెట్టి, అందులోని లోహములనుబట్టి అరిగిన భాగమును పసిగట్టెను. వర్ణపటము మన పాఠములలో కలదు, డీజిలు చక్రమును కలదు. రెండును ఒకే పుటలో కలియవు. ఆయిలులో ఇనుముతోపాటు సిలికాను కూడ పెరిగినచో, రింగులకంటె ముందు ఫిల్టరు గొట్టమును వెదకవలెను.