ఇరుసు పెట్టెకు ఒక రంధ్రము తక్కువ

మోటారు బండి కిందికి వంగి చూచినచో, వెనుక ఇరుసు నడుమ కుండవలె ఉబ్బిన ఇనుప పెట్టె చాల బండ్లలో కనిపించును. అందులో డిఫరెన్షియల్ అను పళ్ళచక్రముల అమరిక ఉండును. బండి మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను. చక్రముల మధ్య ఎడము 1.4 మీటర్లు అనుకొందము. బండి ఒక పూర్తి వలయము తిరిగినచో ఆ అదనపు దూరము 2 × 3.14 × 1.4, అనగా సుమారు 8.8 మీటర్లు. వలయము చిన్నదైనను పెద్దదైనను ఈ అంకె మారదు. ఎందుకో విద్యార్థులు స్వయముగా నిరూపించి చూడవచ్చును. ఈ తేడాను సర్దునది డిఫరెన్షియలే.

ఈ పళ్ళచక్రములు నూనెలో తడియుచు తిరుగును. 1920ల నడుమ వాడుకకు వచ్చిన హైపాయిడ్ రకములో, ఇంజను శక్తిని తెచ్చు చిన్న చక్రము పెద్ద చక్రపు కేంద్రమునకు సూటిగా గాక కొంత దిగువగా ఉండును. అందుచే పళ్ళు దొరలుటయే గాక ఒకదానిపై ఒకటి జారును. ఆ ఒరిపిడిని తట్టుకొనుటకు గంధకము, భాస్వరముల సమ్మేళనములు కలిపిన చిక్కని నూనె వాడుదురు. కాలము గడచినకొలది నూనె సత్తువ తగ్గును. అరిగిన లోహపు రజను అడుగున చేరును. ఇంజనులో వలె వడపోత సాధనము ఇక్కడ సాధారణముగా ఉండదు. కనుక నూనె మార్చుటయే శుభ్రపరచు మార్గము.

అయితే పాత నూనెను తీయుట ఎట్లు? అమెరికాలో ఫోర్డు సంస్థ 1957లో తొమ్మిది అంగుళాల ఇరుసును తెచ్చెను. పెద్ద పళ్ళచక్రపు వ్యాసమును బట్టి దానికి ఆ పేరు వచ్చినది. తొలి పెట్టెల అడుగున నూనె విడుచు బిరడా ఉండెను. తరువాతి వాటిలో దానిని తీసివేసిరి. బలమునకు పేరుపడిన ఇరుసులో ఇది పెద్ద లోపము. బిరడా లేనప్పుడు నూనె పోయు రంధ్రము గుండా గొట్టము దించి పీల్చవలెను. అడుగు మడ్డి కొంత మిగిలియే పోవును. లేదా పళ్ళచక్రముల దిమ్మెను ఊడదీయవలెను. అందుకు ముందు రెండు వైపుల ఇరుసు కడ్డీలను వెలుపలికి లాగవలెను. తరువాత కొత్త గాస్కెట్టు వేయవలెను.

తయారీదారుల వాదమును కూడ వినవలెను. లక్షల పెట్టెలలో ఒక్కొక్క రంధ్రము ఖర్చే. రంధ్రము ఉన్నచోట నూనె కారవచ్చును. అడుగున రాళ్ళు తగులవచ్చును. విప్పినచో పళ్ళను కంటితో చూడవచ్చును. ఇవి కాదనరానివి. కాని నూనె పోయు రంధ్రమును మూయుచున్నది కూడ బిరడాయే కదా! అడుగు బిరడాను గుంటలో అమర్చినచో రాళ్ళ బెడద తగ్గును. దానికి అయస్కాంతము పెట్టినచో లోపలి సంగతి అదియే చెప్పును: మెత్తని బురదవంటి రజను మామూలు అరుగుదలకు గుర్తు, పెచ్చులు, ముక్కలు పట్టినచో పళ్ళకు చేటు వచ్చినట్లే.

అందుచేతనే కొందరు తామే బిరడా పెట్టించుకొందురు. అయితే చక్రములు లోపల ఉండగా తొలుచరాదు. పొట్టు లోన పడును. పలుచని రేకులో మరలు నిలువవు. మందపు ఇనుప కట్టును అతుకు వేయించవలెను. ఇంకొక జాగ్రత్త: కింది బిరడా విప్పుటకు ముందు పై బిరడా ఊడునో లేదో చూచుకొనవలెను. అది పట్టుకొనిపోయినచో ఖాళీ అయిన పెట్టెను నింపు దారి ఉండదు.

రంధ్రము మానుటవలన ఆదా తయారీదారునిది. శ్రమ మరమ్మతు చేయువానిది. శ్రమ పెరిగిన పని వాయిదా పడును, ఆ వాయిదాకు పళ్ళు మూల్యము చెల్లించును. యంత్రపు గుణదోషములను ఎంచునప్పుడు, అది ఎంత బరువు లాగునో అని మాత్రమే గాక, దానిని బాగుచేయువాని చేతికి ఎంత సులువుగా అందునో కూడ మన విద్యార్థులు అడుగవలెను.