తెర యెక్కడ నల్లబడినది?

హార్డ్ డిస్క్‌ను లేశమైనను తాకక, కేవల మొక డిస్క్ నుండియే సమస్త వ్యవస్థయు మేల్కొని, తన పని ముగించి, విద్యుత్తు నాపినంతనే జాడ లేక తొలగిపోవుట యనునది, 2000 సంవత్సరమున జర్మనీ దేశీయుడైన క్లౌస్ క్నాపర్ ‘నాపిక్స్’ను వెలువరించినది మొదలు లినక్స్ లోకమున సుపరిచితమే యైనను, దానియెడ నాకు గల యాదరము నేటికిని తగ్గలేదు. సుమారు రెండు గిగాబైట్ల సామగ్రిని సంకోచింపజేసి 700 మెగాబైట్ల సీడీలో నిమిడ్చిన నేర్పు సామాన్యము కాదు.

మా ప్రాంతమున ఈ విద్యకు నేడు ప్రయోజనము మిక్కుటముగ గలదు. గల్ఫ్ దేశములకు వలసపోయిన తండ్రులును అన్నలును పంపగా, మీటలపై అరబ్బీ అక్షరములతో జగిత్యాల, కోరుట్ల యిండ్లకు చేరిన ల్యాప్‌టాప్‌లును, సిరిసిల్ల మరమగ్గాల ఆసాములు లెక్కలు వ్రాసికొను పాత యంత్రములును, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసిన పిమ్మట దిక్కు లేనివైనవి. వానికి లినక్స్ సరిపడునో లేదో, లోపలి ఫోటోలకును లెక్కలకును హాని కలుగకుండ పరీక్షించుటకు లైవ్ డిస్క్‌ను మించిన సాధనము లేదు. కాని యా డిస్క్ మొదటిసారి మొరాయించినంతనే “ఫార్మాట్ కొట్టాలె, వేరే తొవ్వ లేదు” అని తీర్పు చెప్పువారు ప్రతి వీధిలోను గలరు. డిస్క్ లేవకపోవుటకును, యంత్రములోని సమాచారమును చెరిపివేయుటకును కార్యకారణ సంబంధ మేమియు లేదు గనుక, ఈ తీర్పును నేను గట్టిగ నిరాకరించుచున్నాను.

మగ్గము నిలిచినపుడు సిరిసిల్ల నేతకాడు దానిని విప్పబూనడు. ఏ పోగు ఎక్కడ తెగినదో ముందు వెదకును. ఇచ్చటను, పవర్ మీటను నొక్కినది మొదలు యంత్రము ఏ మెట్టు వరకు నడచి యాగినదో కనిపెట్టుటయే ప్రథమ కర్తవ్యము.

బూట్ మెనూలో డిస్క్ పేరే కనబడనిచో దోషము లినక్స్‌ది కాదు. డిస్క్‌ను మరియొక కంప్యూటరులో తెరచి చూడుడు. లోపల ఐఎస్‌ఓ ఫైలొకటి మాత్రమే యున్నచో, ఇమేజ్‌గ బర్న్ చేయుటకు మారుగ సామాన్యమైన ఫైలును వలె కాపీ చేసినారని గ్రహింపవలెను. నాయొద్దకు వచ్చువారిలో ఈ పొరపాటునే తరచుగ జూచితిని. పేరు కనబడియు యంత్రము దానిని నిరాకరించుచో, 2012లో విండోస్ 8తో వ్యాప్తికి వచ్చిన సెక్యూర్ బూట్ వంక దృష్టి సారింపవలెను. తాను గుర్తించు సంతకము లేని వ్యవస్థను అది లోనికి రానీయదు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్‌లకు ఆ సంతకము గలదు; చిన్న డిస్ట్రోలు పెక్కింటికి లేదు.

మిక్కిలి భయపెట్టునది, మెనూ చక్కగ వచ్చి, పిదప తెర నల్లబడి యుండిపోవుట. కోరుట్ల నుండి వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థి యొకడు “సార్, బోర్డు పోయిందంటున్నరు” అని దిగులుతో చెప్పెను. క్యాప్స్ లాక్ మీటను నొక్కి చూడుమంటిని. దీపము వెలిగినది, మరల నొక్కగా ఆరినది. బోర్డు పోలేదు, కెర్నెల్ సజీవముగనే యున్నది. గ్రాఫిక్స్ చిప్‌తో దానికి పొత్తు కుదరక తెర మాత్రమే చీకటైనది. ఎన్‌విడియా చిప్‌లు గల కొన్ని యంత్రములలో ఇది పరిపాటి. మెనూ కనబడినపుడు ఆంగ్లములోని ‘ఇ’ అక్షరపు మీటను నొక్కి, ‘లినక్స్’ అని మొదలగు పంక్తి చివర ‘నోమోడ్‌సెట్’ అను పదమును ఆంగ్లాక్షరములలో చేర్చి, ఎఫ్ 10 నొక్కినచో, కెర్నెల్ ఆ చిప్ జోలికి పోక ప్రాథమికమైన చిత్రముతోనే సరిపెట్టుకొనును. ఈ మార్పు ఆ యొక్కసారికే వర్తించును గనుక భయపడ బనిలేదు. ఆ బాలుని యంత్రమున డెస్క్‌టాప్ దర్శనమిచ్చినది.

మధ్యలో ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అను పలుకుతో ఆగినచో, కెర్నెల్ లేచినదే గాని డిస్క్‌లోని మిగిలిన సామగ్రిని చదువలేకపోయినదని యెరుగవలెను. అదే పంక్తిలోని ‘క్వయట్ స్ప్లాష్’ అను మాటలను తీసివేసినచో, దాచియుంచిన సందేశము లన్నియు తెరపైకి వచ్చి కారణమును చెప్పును. దిగుమతి చేసిన ఫైలు చెక్‌సమ్‌ను సరిచూచి, తక్కువ వేగమున మరల బర్న్ చేయుట మేలు. నిదానమును దోషముగ భ్రమింపరాదు: ఒకటవ వేగమున డీవీడీ సెకనుకు 1.4 మెగాబైట్లయినను అందింపలేదు. ఉబుంటు 24.04 ఇమేజ్ 4.7 గిగాబైట్ల డీవీడీలో పట్టనే పట్టదు. దానికి పెన్‌డ్రైవే శరణ్యము.

పాఠకులకొక విన్నపము. సెక్యూర్ బూట్‌ను మార్చుటకు ముందు, విండోస్‌లో బిట్‌లాకర్ అమలులో నున్నదేమో చూచి, దాని 48 అంకెల రికవరీ కీని కాగితముపై వ్రాసి యుంచుకొనుడు. ఆ మార్పు పిమ్మట విండోస్ దానిని అడుగవచ్చును, అది లేనిచో మీ ఫైళ్లు మీకే తెరచుకొనవు.